సొంత వడ్డన, ఉమ్మడి వడ్డన

మా మైలవరంలో హోటలుకు వెళ్ళి కూర్చుంటే, వచ్చి నీళ్ళ గ్లాసు పెట్టి "ఏం కావాలండీ" అని అడిగేవాణ్ణి సర్వరు అంటారు. బెజవాడలోనూ అంతే. కంప్యూటరు సర్వరు మన ఊళ్ళలోకి వచ్చింది చాలా తర్వాత. అందుకే, ఎన్నో ఏళ్ళ క్రితం ఒక కార్యాలయంలో గుమాస్తాగారు "ఇవాళ సర్వరు లేదండీ, రేపు రండి" అన్నప్పుడు, నా ముందు నిలబడ్డ పెద్దాయన ఒకరు, "అతను రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకోలేరుటయ్యా?" అని అడిగారు. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత కొన్నేళ్ళు డేటాబేసులు చూసుకునే ఉద్యోగంలో బ్రతికాక తెలిసింది, ఆ రోజు ఆ గదిలో సరైన ప్రశ్న వేసినవాడు ఆయనొక్కడేనని.

ఎందరికి ఎందరు వడ్డించాలి? ఈ టపా ఆ ప్రశ్న గురించే. డేటాబేసు సర్వరుకు వచ్చే అనుసంధానాలను రెండు పద్ధతుల్లో అమర్చుకోవచ్చు. వచ్చిన ప్రతివారికీ ఒక్కొక్క సేవకుణ్ణి కేటాయించడం ఒక పద్ధతి. కొద్దిమంది సేవకులను పెట్టి, వచ్చినవాళ్ళందరికీ వాళ్ళ చేతనే వంతులవారీగా పని చేయించడం రెండవది. మొదటిదాన్ని డెడికేటెడ్ అనీ, రెండవదాన్ని షేర్డ్ అనీ అంటారు. ఈ రెండింటిలో ఏది మంచిదని కంప్యూటరు శిక్షణాలయాల్లో అడిగితే ఒకే సమాధానం వినిపించేది: "మెమరీ ఎక్కువుంటే మొదటిది, తక్కువుంటే రెండవది." ఇది తప్పు కాదు గాని, సగమే. మిగిలిన సగం నాకు తెలియడానికి ఒక తండ్రీకూతుళ్ళ ఒక రోజు ఖర్చయింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. తెలుగులో వ్రాసేవాళ్ళం కాబట్టి మనకది తప్పదు. డెడికేటెడ్ సర్వరును "అంకిత సర్వరు" అని ఎవరో అనువదించగా చూశాను. అంకితమనే మాట మనకు కావ్యాల దగ్గర పుట్టింది. నరాంకితం చేయనని భాగవతాన్ని శ్రీరామునికి సమర్పించిన పోతన గుర్తుకొచ్చి, ఆ మాటను ఒక గుమాస్తా తెరకు కట్టబెట్టడానికి నాకు మనసొప్పలేదు. పైగా ఇక్కడ భక్తి ఏమీ లేదు. ఒకరి పని తప్ప మరొకరి పని చేయనవసరం లేకపోవడం మాత్రమే ఉంది. అందుకని నా మట్టుకు నేను సొంత అనుసంధానం, ఉమ్మడి అనుసంధానం అంటాను. ఉమ్మడి అనగానే ఉమ్మడి కుటుంబంలోని సుఖమూ కష్టమూ రెండూ ఒకేసారి స్ఫురిస్తాయి. అది సరిగ్గా సరిపోతుంది కూడా.

ఇక పని జరిగే తీరు. పెళ్ళిలో బంతి భోజనం తలచుకోండి. విస్తళ్ళ ముందు నూరుమంది కూర్చున్నారు. నూరుమందికీ తలా ఒక వడ్డించేవాణ్ణి పెట్టే ఇల్లు ఎక్కడా లేదు. పదిమంది వడ్డిస్తారు, ఒక పెద్దమనిషి బంతి పొడుగునా తిరుగుతూ విచారిస్తుంటాడు. "ఇక్కడ పప్పు, అక్కడ మంచినీళ్ళు" అని ఆయన కేకేస్తే, ఖాళీగా ఉన్నవాడు ఎవడైతే వాడు వస్తాడు. ఒరాకిల్ డేటాబేసులో ఉమ్మడి అమరిక అచ్చంగా ఇదే. విచారించే పెద్దమనిషి పేరు డిస్పాచరు. మన కోరికను ఆయన తీసుకువెళ్ళి ఒక ఉమ్మడి వరుసలో పెడతాడు. ఖాళీ అయిన సేవకుడు ఆ వరుసలోంచి ముందున్నదాన్ని తీసుకుని పని పూర్తిచేసి, ఫలితాన్ని ఆ డిస్పాచరుకు చెందిన జవాబుల వరుసలో పెడతాడు. ఆయన దాన్ని మనకు అందిస్తాడు. మనకు పప్పు వేసినవాడే నెయ్యి వేస్తాడన్న నియమం లేదు.

సొంత అనుసంధానం కొత్త అల్లుడికి జరిగే మర్యాద. ఆయన పక్కనే ఒకడు నిలబడి ఉంటాడు. అల్లుడుగారు తింటున్నా, తినకుండా బావమరదులతో మాట్లాడుతున్నా, వాడు అక్కడే ఉంటాడు. అడిగిన క్షణాన వడ్డన జరుగుతుంది. అడగనంతసేపూ ఒక మనిషి ఉత్తినే నిలబడినట్టే.

మరొక చిన్న తేడా ఉంది. ఇది తెలియకనే చాలామంది దెబ్బతింటారు. అల్లుడుగారికి ఏది పడదో, ఏది రెండుసార్లు వేయాలో ఆ ఒక్క సేవకుడి తలలో ఉంటే చాలు. బంతిలో అలా కుదరదు. వచ్చేవాడు ప్రతిసారీ వేరేవాడు కాబట్టి, ఎవరికి ఎంతవరకు వడ్డన జరిగిందన్న లెక్క అందరికీ కనిపించేచోట వ్రాసి ఉండాలి. డేటాబేసులోనూ అంతే. సొంత అనుసంధానంలో వాడుకరి లెక్కలు ఆ ప్రాసెస్ సొంత మెమరీలో ఉంటాయి. ఉమ్మడిలో అవి సర్వరు ఉమ్మడి మెమరీలోకి వచ్చి చేరతాయి. వాటికోసం లార్జ్ పూల్ అనే గదిని విడిగా కట్టకపోతే, అందరి వాక్యాలూ దాచుకునే షేర్డ్ పూల్‌లోనే చోటు ఆక్రమిస్తాయి. అంటే ఉమ్మడి పద్ధతిలో మెమరీ ఆదా అవుతుందన్న మాటలో కొంత భాగం, మెమరీ ఒక గదిలోంచి మరో గదిలోకి మారుతుందన్నమాట.

ఒరాకిల్ 7 కాలం నుంచే, అంటే 1992 నుంచే ఈ ఉమ్మడి ఏర్పాటు ఉంది. అప్పట్లో దాని పేరు మల్టీ థ్రెడెడ్ సర్వర్. 2001లో వచ్చిన 9ఐలో షేర్డ్ సర్వర్ అని మార్చారు. ఆ పేరు మార్పు మంచిదే. మొదటి పేరు యంత్రం గురించి చెప్పింది, రెండవ పేరు మనుషుల గురించి చెబుతోంది.

ఇప్పుడు నా కథ.

2005 ప్రాంతంలో మైలవరం నుంచి బెజవాడకు రోజూ బస్సులో వెళ్ళివస్తూ ఒక సంస్థలో డేటాబేసు చూసుకునేవాణ్ణి. సంస్థ పేరు అనవసరం. జరిగినదాంట్లో సంస్థ తప్పు కంటే నా తప్పే ఎక్కువ. 32 బిట్ల విండోస్ మీద ఒరాకిల్ నడిచేది. అక్కడ ఒరాకిల్ అంతా ఒకే ప్రాసెస్, ప్రతి సొంత అనుసంధానమూ అందులో ఒక థ్రెడ్. ఆ ఒక్క ప్రాసెస్‌కు మామూలుగా 2 గిగాబైట్లకు మించి చిరునామాలు దొరకవు, యంత్రంలో ఎంత మెమరీ కొని పెట్టినా సరే. కౌంటర్లు పెరిగి, అనుసంధానాలు 300 దాకా చేరేసరికి, కొత్తగా లోపలికి రాబోయేవాళ్ళకు ఓఆర్‌ఏ-12500 అన్న తప్పు కనిపించడం మొదలైంది. ఇక సేవకుణ్ణి పుట్టించలేనని సర్వరు చేతులెత్తేయడం దాని అర్థం.

పుస్తకం తెరిచాను. ఉమ్మడి పద్ధతి కనిపించింది. డిస్పాచర్లు 3, సేవకులు 10, గరిష్ఠం కూడా 10 అని పెట్టి రాత్రికి రాత్రి మార్చేశాను. లార్జ్ పూల్ కట్టాలని మరిచిపోయాను. రెండో రోజున షేర్డ్ పూల్ నిండిపోయి ఓఆర్‌ఏ-04031 వచ్చింది. ఆ గది కూడా కట్టాను. తర్వాత మూడు వారాలు ఎవరూ నన్ను పిలవలేదు. మెమరీ దిగువన ప్రశాంతంగా ఉంది. నేనొక గొప్ప పని చేశానని మిత్రులకు చెప్పుకున్నాను.

నెలాఖరు వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి కౌంటర్లన్నింటిలో తెరలు నిలిచిపోయాయి. నా బల్ల మీంచి సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెడదామని చూస్తే, డిస్పాచరు ద్వారా వచ్చినవాళ్ళు ఆ పని చేయకూడదంటూ ఓఆర్‌ఏ-00106 తిప్పికొట్టింది. యజమాని కూడా బంతిలో కూర్చుంటే బంతిలోవాడే! సర్వరున్న గదిలోకి పరుగెత్తి, అక్కడి నుంచి సొంత అనుసంధానంతో లోపలికి వెళ్ళి చూశాను. పదిమంది సేవకులూ పనిలోనే ఉన్నారు. పది విభాగాల పెద్దలు నెలవారీ నివేదికలు తీస్తున్నారు. ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు. ఒకటి అవ్వగానే ఇంకొకటి.

బయట కౌంటరు దగ్గర రెడ్డిగూడెం వైపు నుంచి వచ్చిన ఒక తండ్రీ, ఆయన కూతురూ నిలబడి ఉన్నారు. అమ్మాయి కళాశాల ప్రవేశానికి ఒక ధ్రువపత్రం కావాలి. దాన్ని ముద్రించడానికి డేటాబేసుకు పట్టే సమయం సెకనులో పదోవంతు. గుమాస్తా "సర్వరు బిజీ" అన్నాడు. ఆ తండ్రి నా వైపు తిరిగి, కోపమేమీ లేకుండా, "మా పని ఆగిందంటే లోపల ఇంకెవరి పనో జరుగుతున్నట్టేగా బాబూ?" అన్నాడు.

అవును, జరుగుతోంది. ఎవరి పని జరుగుతోందో నాకు పేర్లతో సహా తెరమీద కనిపిస్తోంది. ఆ నివేదికల్లో ఒక్కదాన్ని ఆపేస్తే చాలు, అమ్మాయి ధ్రువపత్రం వచ్చేది. ఆపడం నాకు ఒక్క ఆజ్ఞ. కాని ఆ నివేదికలు నాకంటే పెద్దవాళ్ళవి. ఆపితే ఎవరికి జవాబు చెప్పాలో తెలుసు. వరుసలో నిలబడ్డవాళ్ళకు ఎవరూ జవాబు చెప్పనక్కరలేదని కూడా తెలుసు. నేను ఆపలేదు. ఐదింటికి కౌంటరు మూసేశారు. వాళ్ళిద్దరూ మర్నాడు మళ్ళీ వచ్చి పత్రం తీసుకువెళ్ళారు. ప్రవేశం పోలేదు, అదృష్టం. ఒక కూలి రోజు మాత్రం పోయింది. ఆ రోజు ఖరీదు ఏ నివేదికలోనూ ఎక్కలేదు.

ఆ రాత్రి కూర్చుని, ముందే వేయవలసిన లెక్కను అప్పుడు వేశాను. 300 మంది గుమాస్తాలు. ఒక్కొక్కరు ముప్ఫై సెకన్లకు ఒకసారి మీట నొక్కుతారనుకుందాం. అంటే సెకనుకు 10 కోరికలు. ఒక్కొక్కటి సెకనులో పదోవంతు. అంటే సగటున ఒక్క సేవకుడికి సరిపడా పని! పదిమంది ధారాళంగా సరిపోతారు. ఉమ్మడి పద్ధతి ఇంత చక్కగా నడవడానికి రహస్యం ఇదే: మనిషి ఆలోచించేదీ, టైపు చేసేదీ చాలాసేపు. యంత్రం పని క్షణకాలం. బంతిలో కూడా తినేది చాలాసేపు, వడ్డించేది ఒక్క గరిటె. ఇక నివేదిక సంగతి. ఇరవై నిమిషాలంటే 1,200 సెకన్లు. అంటే ఒక్క నివేదిక 12,000 ధ్రువపత్రాల పని. దాన్ని గుమాస్తాల వరుసలోనే నిలబెట్టాను. బంతి మధ్యలో కూర్చుని ఒకాయన విస్తరిలో వేయమనకుండా, వడ్డించేవాణ్ణి ఇంటికి వెళ్ళి గారెలు వండి తెమ్మన్నట్టు!

మర్నాడు చేసిన మార్పు ఒక్క పదం. నివేదికలు తీసే పది కంప్యూటర్లలో, సర్వరు చిరునామా ఉండే టీఎన్ఎస్‌నేమ్స్ ఫైలులో, "సర్వర్=డెడికేటెడ్" అని చేర్చాను. గుమాస్తాలు ఉమ్మడి వరుసలో ఉండిపోయారు. పెద్దల నివేదికలు సొంత సేవకులతో పక్కగదిలోకి వెళ్ళాయి. వారికి పట్టే సమయం ఇరవై నిమిషాలే, పెరగలేదు, తగ్గలేదు. మారిన సంగతి కూడా వారికి తెలియలేదు. ఒకే డేటాబేసుకు రెండు దారులూ ఒకేసారి తెరిచి ఉంచవచ్చు. ఏదో ఒకటే ఎన్నుకోవాలన్న భ్రమ నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఉమ్మడి పద్ధతిలో ఇంకొక ప్రమాదం ఉంది. దాన్ని టామ్ కైట్ తన పుస్తకంలో కృత్రిమ ప్రతిష్టంభనగా వివరించాడు. మన బంతిలోకి తెచ్చి చెబుతాను. నేతిగిన్నె ఒక్కటే ఉంది. ఒక పెద్దాయన దాన్ని తన విస్తరి పక్కన పెట్టుకుని కబుర్లలో పడ్డాడు. మిగతావాళ్ళు నెయ్యి అడిగారు. ఒక్కొక్క విస్తరి దగ్గరా ఒక్కొక్క సేవకుడు నేతిగిన్నె కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయాడు. ఇంతలో పెద్దాయన "గిన్నె తీసుకెళ్ళండయ్యా" అన్నాడు. తీసుకెళ్ళడానికి ఖాళీగా ఒక్కడూ లేడు! డేటాబేసులో గిన్నె అంటే తాళం పడిన ఒక వరుస. తాళం వేసినవాడు కమిట్ అంటున్నాడు, ఆ మాట వినే సేవకుడు లేడు. సొంత పద్ధతిలో ఈ చిక్కు రాదు, ఎవరి సేవకుడు వారి పక్కనే ఉంటాడు కాబట్టి. వాడుకరులు తాళం వేసి టీకి వెళ్ళే కార్యాలయంలో ఉమ్మడి పద్ధతి పెట్టేముందు సేవకుల గరిష్ఠ సంఖ్య గురించి రెండుసార్లు ఆలోచించండి. నేను పెట్టినట్టు మొదలూ గరిష్ఠమూ ఒకటే పెట్టకండి.

"ఇదంతా పాతకథ, ఇప్పుడు 64 బిట్ల యంత్రాలు, మెమరీ చవక, పైగా మధ్యలో అప్లికేషను సర్వరు అనుసంధానాల కొలను పెట్టుకుంటుంది" అని మిత్రులు అనవచ్చు. ఒప్పుకుంటాను. ఇవాళ నన్నెవరైనా అడిగితే సొంత పద్ధతితోనే మొదలుపెట్టమంటాను. కాని కొలను పెట్టినంత మాత్రాన ప్రశ్న పోలేదు, మేడ మీది అంతస్తుకు మారిందంతే. కొలనులో 20 అనుసంధానాలుంటే అవి 20 మంది ఉమ్మడి సేవకులే. ఒరాకిల్ 2007లో 11జీతో డేటాబేసులోనే ఒక కొలను ఇచ్చింది. పీహెచ్‌పీ లాగా పేజీ పేజీకి వచ్చిపోయే ప్రోగ్రాములకు అది మేలు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి అనుసంధానానికీ ఒక ప్రాసెస్ పుడుతుంది. మామూలుగా 100 వరకే అనుమతి. ఆపైన కావాలంటే పీజీబౌన్సర్ వంటి మధ్యవర్తిని పెడతారు. అందులోనూ మళ్ళీ అదే ఎంపిక: ఒక్కొక్క లావాదేవీకి సేవకుణ్ణి మార్చాలా, మనిషి వెళ్ళేదాకా అట్టే ఉంచాలా? మన మిత్రుల్లో సొంత డొమైను కొనుక్కుని చవక హోస్టింగులో వర్డ్‌ప్రెస్ పెట్టుకున్నవారికి మైఎస్‌క్యూఎల్ "టూ మెనీ కనెక్షన్స్" అన్న పలకరింపు గుర్తుండే ఉంటుంది. మన ఇంటి తలుపు తట్టినవాణ్ణి పక్కింటి పెళ్ళివాళ్ళు తిప్పి పంపడం అది.

ప్రభుత్వ స్థాయిలోనూ ఇదే. 1998లో కార్డ్ పథకంతో రిజిస్ట్రేషను కార్యాలయాల్లోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఎక్కడి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి అక్కడే సర్వరు. అది చెడితే ఆ ఊరి పనే ఆగేది. 2011లో మీసేవ వచ్చేనాటికి ఎక్కడి కాగితమైనా ఎక్కడి నుంచైనా తీసుకోవచ్చునన్న సుఖం మొదలైంది. దానితోపాటే, కేంద్రంలో ఒకటి ఆగితే అన్ని ఊళ్ళ వరుసలూ ఒకేసారి ఆగడమూ మొదలైంది. నేను వెనక్కి వెళ్ళమనడం లేదు. ఉమ్మడిలో సుఖం పొందినవాళ్ళం ఉమ్మడి మర్యాద కూడా నేర్చుకోవాలంటున్నాను.

ఈ మర్యాద మా ప్రాంతానికి కొత్తదేమీ కాదు. బెజవాడ దిగువన డెల్టా అంతా కాలువల మీద బ్రతికింది. 1855లో ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ. ఎగువ రైతు మోటారు పెట్టి తోడుకుంటే శివారు ఆయకట్టు ఎండుతుందని అక్కడ పసిపిల్లవాడికీ తెలుసు. అందుకే వంతులు పెట్టుకున్నారు. మైలవరం వైపు మెట్ట. మామిడితోటలు, చెరువులు, బోర్లు. సాగర్ ఎడమ కాలువ మా దాకా వచ్చేసరికి ఆఖరి అంకంలో ఉంటుంది. కాలువను నమ్ముకోలేక ఎవరి బోరు వారు వేసుకున్నారు. అందరూ వేసుకుంటే భూమిలో నీరు దిగిపోయింది. సొంత అనుసంధానాలు 300 దాటినప్పుడు నా సర్వరుకు జరిగినదీ అదే. ఉమ్మడిలో ఎగువవాడి దౌర్జన్యం, సొంతంలో అడుగంటే జల. రెండింటికీ మధ్య నిలబడ్డ ఊరు మాది. కాబట్టి ఒక పక్షం తీసుకోమంటే నాకు కష్టమే.

అయినా అభిప్రాయమంటూ వ్రాస్తున్నాను కాబట్టి తేల్చి చెబుతాను. మెమరీ ఉన్నంతవరకు సొంత అనుసంధానాలే ఇవ్వండి. చాలకపోతే చిన్న చిన్న పనులవాళ్ళను ఉమ్మడిలోకి తీసుకురండి. గంటలు పట్టే పనులను, బ్యాకప్పులను, సర్వరు నడిపే మీ సొంత దారిని ఎన్నడూ ఉమ్మడిలో పెట్టకండి. ఉమ్మడి వరుసలో సగటున ఎంతసేపు నిరీక్షణ జరుగుతోందో ఒరాకిలే వీ డాలర్ క్యూ అనే పట్టికలో వ్రాసి పెడుతుంది, వారానికొకసారైనా చూడండి. ఇంకొకరి ఫైలులోంచి అంకెలు ఎత్తి వ్రాసుకోకండి. వాళ్ళ బంతి వేరు, మీ బంతి వేరు.

అన్నిటికంటే ముఖ్యం, అంకెలు వేసేముందు ఒక్కసారి కౌంటరు బయటకు వెళ్ళి నిలబడండి. ఎవరి పనికోసం ఎవరు ఆగుతున్నారన్నది అక్కడి నుంచే కనిపిస్తుంది. సర్వరు గదిలో కూర్చున్నవాడికి మెమరీ ఎంత మిగిలిందో తెలుస్తుంది. వరుసలో నిలబడ్డవాడి రోజు ఎంత మిగిలిందో తెలియదు.

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు నేను ఆ రోజు జవాబు చెప్పలేదు. "కాసేపు కూర్చోండి" అన్నాను. ఈ టపాను ఆలస్యంగా ఇచ్చిన జవాబు అనుకోండి.